2-3 జోన్ మధ్యలో ఎవరిని నిలబెట్టాలి?

ప్రశ్న: మాది డిగ్రీ కళాశాల మహిళల బాస్కెట్‌బాల్ జట్టు. నేను కెప్టెన్‌ని. అంతర కళాశాలల పోటీల సెమీఫైనల్లో ప్రత్యర్థులు మొదటి నుంచి చివరి దాకా 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనుక ముగ్గురు నిలబడి కాసే డిఫెన్స్) వేశారు. మ్యాన్-టు-మ్యాన్ మీద బాగానే ఆడే మేము, బయట బంతిని ఒకరికొకరు అందించుకుంటూ ఉండిపోయాం. సమయం అయిపోతుండగా దూరం నుంచి వేసిన షాట్లు పడలేదు. అందరికంటే పొడుగైన మా సెంటర్‌కు రింగు కింద బంతే అందలేదు. మూడో క్వార్టర్లో వాళ్లు ముగ్గురు ముందుకు వచ్చినట్టు కూడా అనిపించింది. మా పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారు వాలీబాల్ నుంచి వచ్చినవారు. మంచి షూటర్లు ఉంటే జోన్ దానంతట అదే విడిపోతుందని అంటున్నారు. వచ్చే ఏడాదికి షూటర్లను వెతుక్కోవాలా? అమెరికా కాలేజీ ఆటల వీడియోలు చూస్తున్నాం కానీ వాటిలో ఏం చూడాలో తెలియడం లేదు.

సమాధానం:

కెప్టెన్ గారూ,

షూటర్లు దొరికితే తీసుకోండి, ఎవరు వద్దంటారు? కానీ మీ ఉత్తరం చదువుతుంటే నా కన్ను ఆగింది షాట్లు పడలేదన్న చోట కాదు, బయట బంతిని అందించుకుంటూ ఉండిపోయామన్న చోట. బంతి మూడు పాయింట్ల గీత వెంబడే తిరుగుతుంటే 2-3 జోన్ వేసిన జట్టుకు అంతకన్నా విశ్రాంతి ఉండదు. వాళ్లు రెండడుగులు ఇటు, రెండడుగులు అటు జరిగితే సరిపోతుంది. మీరు ఇరవై సెకన్లు కష్టపడి చివరికి వేసిన ఆ దూరపు షాట్, వాళ్లు మొదటి సెకను నుంచే మీకు వదిలేసిన షాట్.

జోన్‌లో ఒక్కొక్కరు ఒక్కో మనిషిని కాక ఒక్కో జాగాను కాస్తారు. అయితే ఆ జాగాల మధ్య నేల మీద గీతలేమీ గీసి ఉండవు. మీ అమ్మాయి ఒకరి జాగాకూ మరొకరి జాగాకూ సరిగ్గా నడుమ నిలబడితే ఆమె ఎవరి బాధ్యత? ఆ సందేహమే మీ పెట్టుబడి. ప్రతి పాస్‌కూ ముందు మీ ఐదుగురూ మనసులో వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ క్షణంలో వాళ్లలో ఎవరి నెత్తిన ఇద్దరు పడ్డారు? బంతి ఆ మనిషి దగ్గరికి వెళ్లాలి. మీ రాతను బట్టి చూస్తే, ఆ సెమీఫైనల్లో వాళ్లలో ఎవరి మీదా ఇద్దరు పడినట్టు లేదు.

ఇక వీడియోల సంగతి. అమెరికా కాలేజీ ఆటలో 2-3 జోన్ అనగానే సిరక్యూస్ విశ్వవిద్యాలయమే గుర్తొస్తుంది. అక్కడ జిమ్ బోహైమ్ 1976 నుంచి 2023 వరకు ప్రధాన కోచ్‌గా ఉన్నారు, ఆ జోన్‌ను తన జట్టుకు ఇంటిపేరులా చేశారు. 2003 జాతీయ ఫైనల్లో ఆ జట్టు కాన్సస్‌ను 81-78తో ఓడించింది. చివరి క్షణాల్లో కాన్సస్ ఆటగాడికి మూలలో మూడు పాయింట్ల షాట్ వేసే ఖాళీ దొరికింది. కొడితే స్కోరు సమం. హకీమ్ వారిక్ లోపలి నుంచి పొడవాటి చేయి చాచుకుంటూ వచ్చి ఆ షాట్‌ను ఆపేశాడు. బయటి ఖాళీ చూడటానికి ఖాళీలా ఉంటుంది, పొడుగు చేతులున్న జట్టు మీద అది ఎంతసేపు నిలుస్తుందో ఆ ఒక్క దృశ్యం చూపిస్తుంది.

మీరు శ్రద్ధగా చూడవలసింది మాత్రం 2013 జాతీయ సెమీఫైనల్. దాని ముందు ఆటల్లో సిరక్యూస్ జోన్ ఇండియానాను 50 పాయింట్ల దగ్గర, మార్క్వెట్‌ను 39 పాయింట్ల దగ్గర ఆపేసింది. ఇండియానా ఆషామాషీ జట్టు కాదు, తన విభాగంలో ఒకటో సీడు. అలాంటి జోన్‌ను మిషిగన్ 61-56తో దాటింది. ఆ ఏడాది దేశంలోనే ఉత్తమ ఆటగాడిగా ఎంపికైన మిషిగన్ గార్డు ట్రే బర్క్ ఆ రోజు చేసింది 7 పాయింట్లే. అంటే అతని షాట్ల మీద గెలవలేదు. మొదటి ఏడాది విద్యార్థి అయిన మిచ్ మెక్‌గ్యారీ 10 పాయింట్లు, 12 రీబౌండ్లు (తప్పిన షాట్లను పట్టుకోవడం) చేశాడు. నన్నడిగితే వీటికంటే విలువైనవి అతను ఇచ్చిన 6 అసిస్టులు (బుట్ట పడటానికి దారితీసిన పాస్‌లు). కోచ్ జాన్ బైలైన్ ఆ పొడగరిని రింగు కింద పాతెయ్యకుండా ఫ్రీ త్రో గీత దగ్గర, జోన్ కడుపులో నిలబెట్టారు. సెంటర్ ఆడేవాడు ఒక్క ఆటలో ఆరు అసిస్టులు ఇచ్చాడంటే బంతి ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో ఊహించండి.

ఆ వీడియో చూసేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి. బంతిని చూడవద్దు. సిరక్యూస్ వెనుక వరుసలో నడుమ ఉన్న సెంటర్ పాదాలను చూడండి. ఫ్రీ త్రో గీత దగ్గర మెక్‌గ్యారీ బంతి అందుకున్న ప్రతిసారీ ఆ సెంటర్ ముందుకు వచ్చాడా, వెనకే ఉన్నాడా? ముందుకు వస్తే అతని వెనుక ఎవరు ఖాళీ అయ్యారు? ఈ దృష్టితో పదిసార్లు ఆపి చూస్తే, మామూలుగా రెండు గంటలు చూసినదానికంటే ఎక్కువ అర్థమవుతుంది.

ఎందుకంటే 2-3 జోన్‌లో నిజమైన లోటు అక్కడే ఉంది. ముందు ఇద్దరు గార్డులు, వెనుక ముగ్గురు. ఈ రెండు వరుసల నడుమ ఫ్రీ త్రో గీత దగ్గర ఎవరి పేరూ రాసిలేని జాగా ఒకటుంటుంది. దాన్ని హై పోస్ట్ అంటాం. అక్కడ బంతి పడిందంటే ముందున్న ఇద్దరు గార్డులూ దాటిపోయినట్టే, వాళ్లు వెనక్కి తిరిగి పరుగెత్తాలి. సెంటర్ ముందుకు వస్తే రింగు పక్కన బేస్‌లైన్ (రింగు వెనుక కోర్టు చివరి గీత) మీదున్న మీ అమ్మాయికి లే-అప్, అంటే రింగు దగ్గర నుంచి వేసే సులువైన షాట్. సెంటర్ రాకపోతే ఫ్రీ త్రో అంత దూరం నుంచి అడ్డులేని షాట్. ఆ లే-అప్ ఆపడానికి పక్కనున్న ఫార్వర్డ్ (వెనుక వరుసలో సెంటర్‌కు అటూ ఇటూ ఉండేవారిలో ఒకరు) లోపలికి జరిగితే మూలలో మీ షూటర్ ఒంటరి. మూడు దారులూ మీవే, ఎంచుకునే భారం వాళ్లది.

ఇంత మంచి జాగాలో బంతి అందినా చాలా జట్లు దాన్ని పాడు చేసుకుంటాయి. హై పోస్ట్‌లో బంతి పట్టుకున్న అమ్మాయి రింగుకు వీపు పెట్టి, భయంతో బంతిని వచ్చిన చోటికే తిరిగి పంపేస్తుంది. జోన్ ఊపిరి పీల్చుకుంటుంది. పట్టుకోగానే తిరగాలి. ముందు రింగును చూడాలి, తర్వాత బేస్‌లైన్‌ను, తర్వాత అవతలి పక్క మూలను, అదే వరుసలో. షాట్ వేసే ఉద్దేశం లేకపోయినా బంతిని నుదుటి దాకా ఎత్తాలి. అప్పుడే సెంటర్ కదులుతుంది. మరో జాగ్రత్త: ఫ్రీ త్రో గీత కూడా పెయింట్‌లో (రింగు ముందు గీతలు గీసిన దీర్ఘచతురస్రంలో) భాగమే, కాబట్టి దాని మీద నిలబడిపోతే మూడు సెకన్ల నిబంధన ఉల్లంఘనకు విజిల్ వినిపిస్తుంది. మీ అమ్మాయి గీతకు అడుగు పైన ఉండి, బంతి వింగ్ (కోర్టు పక్క భాగం) నుంచి వచ్చే సమయానికి ఒక్క అడుగు లోపలికి వేసి అందుకోవాలి. అలా చేస్తే ఆమె ఎక్కడ బంతి అందుకుంటుందో కాసేవాళ్లకు ముందే తెలియదు కూడా.

మిగతా నలుగురిని ఎలా సర్దాలి? వాళ్ల ముందు వరుసలో ఇద్దరున్నారు కాబట్టి మీ తరఫున పైన ఇద్దరిని పెట్టవద్దు. ఇద్దరికి ఇద్దరు దొరికితే వాళ్లకు లెక్క సరిపోతుంది. పైన నడిమధ్య ఒక్కరే ఉండాలి, సరిగ్గా ఇద్దరు గార్డుల సందుకు ఎదురుగా. రెండు వింగ్‌లలో ఒక్కొక్కరు, ఫ్రీ త్రో గీతకు సూటిగా పక్కన. హై పోస్ట్‌లో ఒకరు. బేస్‌లైన్ మీద బంతి ఉన్న వైపుకు మారుతూ తిరిగేవారు ఒకరు. కోచ్‌లు దీన్ని 1-3-1 అమరిక అంటారు. బేస్‌లైన్ అమ్మాయి ఆగవలసిన చోటు రింగు కింద కాదు, పెయింట్‌కూ మూలకూ మధ్య దారిలో. షార్ట్ కార్నర్ అనే ఆ జాగాలో ఆమె వెనుక వరుస వీపు వెనక ఉంటుంది. బంతిని చూస్తున్న సెంటర్‌కు ఆమె కనిపించాలంటే తల తిప్పాలి, తల తిప్పితే బంతి పోతుంది. అక్కడ ఎంతసేపు నిలబడినా మూడు సెకన్ల బెడద లేదు. పైగా మీరు ఆడే అంతర్జాతీయ కొలతల్లో పెయింట్ వెడల్పు 4.9 మీటర్లు, అమెరికా కాలేజీల్లో 12 అడుగులే. వాళ్ల సెంటర్ కాయవలసిన నేల మీ కోర్టులోనే ఎక్కువ. ఈ ఒక్క విషయంలో మీరు మిషిగన్ కంటే అదృష్టవంతులు.

మూడో క్వార్టర్లో ముగ్గురు ముందుకు వచ్చినట్టు అనిపించిందన్నారు. జోన్ మారి ఉండవచ్చు కానీ, మారకుండానే అలా కనిపించే అవకాశం ఎక్కువ. బంతి వింగ్‌లోకి వెళ్లగానే గార్డు చేరే లోపు వెనుక వరుసలోని ఫార్వర్డ్ పైకి వచ్చి ఆపుతుంది, గార్డు రాగానే కిందికి దిగిపోతుంది. అలా పైకి వచ్చిన ఆ ఒక్క క్షణం ఆమె వెనుక మూల, షార్ట్ కార్నర్ రెండూ ఖాళీ. మీరు చూసింది అదే అయితే వాళ్లు మీకు తలుపు తెరిచి చూపించారు. నిజంగా మారిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. బంతి పైన నడుమ ఉన్నప్పుడు చూడండి: దాని ఎదుట ఇద్దరు సమానంగా ఉంటే 2-3, ఒక్కరే సూటిగా ఎదురుగా ఉండి పక్కన మరో ఇద్దరుంటే 3-2. అది 3-2 అయితే మీరు పైన ఇద్దరిని పెట్టండి. ఇంకా అనుమానముంటే ఒక అమ్మాయిని జోన్ మధ్యగా అవతలి పక్కకు పరుగెత్తించండి. ఆమె వెంట ఎవరైనా చివరిదాకా వెళ్తే అది మ్యాన్-టు-మ్యాన్, మధ్యలో ఇంకొకరికి అప్పగించేస్తే జోన్. టెంపుల్ విశ్వవిద్యాలయంలో జాన్ చేనీ ఆడించిన మ్యాచప్ జోన్‌లో ఈ రెండూ కలగలిసి ఉండేవి, కానీ మీ పోటీల్లో అంతదాకా ఎదురైతే అప్పుడు మళ్లీ రాయండి.

ఇప్పుడు గడియారం. ఇక్కడే అమెరికా వీడియోలు మిమ్మల్ని తప్పుదారి పట్టించగలవు. మిషిగన్ ఆడిన ఆ ఆటలో ఒక్కో దాడికి 35 సెకన్లు ఉండేవి. 2015-16 నుంచి అక్కడ 30 చేశారు. మీకు 24. అందులో సెంటర్ లైన్ దాటడానికి ఇచ్చే 8 సెకన్లను మీ గార్డు తాపీగా వాడుకుంటే మిగిలేది 16. జోన్ వేసేవాళ్లకు కావలసిందీ అదే. బంతిని నాలుగైదు సెకన్లలో అవతలికి చేర్చండి. ఒక పక్క నుంచి మరో పక్కకు మార్చి, గడియారం 12 చూపించే లోపు బంతి ఒక్కసారైనా పెయింట్‌ను తాకాలి. అలా తాకని దాడిలో షాట్ వేయవద్దని నేను చెప్పను, కానీ మైదానంలో మీరు గొంతెత్తి అరవవలసిన సందర్భం మాత్రం అదే.

బంతిని పక్క మార్చడంలో కూడా తేడా ఉంది. వింగ్ నుంచి పైకి, పై నుంచి అవతలి వింగ్‌కు నెమ్మదిగా ఇస్తే జోన్ మీతోపాటే నడుస్తుంది. వింగ్ నుంచి అవతలి వింగ్‌కు తల మీదుగా స్కిప్ పాస్ పడితే వాళ్లు పరుగెత్తాలి. అది గాల్లో వంపు తిరిగి వెళ్తే మధ్యలో ఎవరో అందుకుని అటు లే-అప్ కొట్టేస్తారు, సూటిగా విసరాలి. అంత బలం లేని అమ్మాయికి ఆ పాస్ అప్పగించవద్దు. ఇక పాస్ ఇచ్చే ముందు ఇస్తున్నట్టు నటించండి. కబడ్డీలో రైడర్ ఒక మూలకు కాలు చాపగానే గొలుసంతా అటు ఒరిగినట్టు, జోన్ ఆడేవాళ్లు మనిషిని వదిలి బంతినే చూస్తారు కాబట్టి ఉత్తుత్తి పాస్‌కు మ్యాన్-టు-మ్యాన్ కంటే సులువుగా మోసపోతారు. మూలకు చూపించి హై పోస్ట్‌కు ఇవ్వండి. ఇంత చవకైన ఆయుధాన్ని కాలేజీ జట్లు ఎందుకు వాడవో నాకు ఎప్పుడూ అర్థం కాదు.

డ్రిబుల్ పూర్తిగా మానెయ్యమని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. ఇద్దరి సందులోకి ఒకటి రెండు బౌన్సులతో దూరి, ఇద్దరూ మీ మీదికి రాగానే ఆగి పాస్ ఇస్తే అంతకన్నా మంచి దాడి లేదు. మూడో బౌన్స్ నుంచే ప్రమాదం.

పీడీ గారి మాటకు వద్దాం. ఆయన చెప్పినదాంట్లో సగం నిజముంది. మూలలో షాట్ కొట్టగలవారు ఒక్కరూ లేకపోతే వెనుక వరుస ఫార్వర్డ్‌లు హాయిగా లోపలే కూర్చుంటారు. కానీ బయటి నుంచి బయటికి వచ్చిన పాస్‌తో వేసే షాట్ వేరు, లోపలి నుంచి బయటికి వచ్చిన పాస్‌తో వేసే షాట్ వేరు. రెండోదానిలో బంతి రింగు వైపు నుంచే వస్తుంది కాబట్టి షూటర్ పాదాలు, భుజాలు ముందే రింగును చూస్తుంటాయి, కాసే మనిషి అప్పటికే లోపలికి లాగబడి ఉంటుంది. అదే అమ్మాయి, అదే దూరం, అయినా షాట్ మారిపోతుంది. సిమెంటు కోర్టు మీద సాయంత్రం గాలిలో ఆడే మన కాలేజీలకు ఈ తేడా మరీ ఎక్కువ. కొత్త షూటర్‌ను వెతికే ముందు, ఉన్న అమ్మాయిలకు లోపలి నుంచి పాస్ అందేలా చూడండి. మూలలో నిలబడేవారు కాళ్లు చూసుకోవాలి. అక్కడ మూడు పాయింట్ల గీతకూ సైడ్‌లైన్‌కూ మధ్య 0.9 మీటర్లే ఉంటుంది, బంతి అందుకుంటూ వెనక్కి అడుగేస్తే బయటికి పోయినట్టే.

రీబౌండ్ల గురించి ఒక్క మాట. జోన్‌లో ఎవరు ఎవరిని అడ్డుకోవాలో ముందే నిర్ణయమై ఉండదు కాబట్టి షాట్ తప్పినప్పుడు మీ వాళ్లు దూరిపోవడానికి దారులు దొరుకుతాయి. మూల నుంచి వేసిన షాట్ తప్పితే చాలాసార్లు అవతలి పక్కకు పోతుంది. షార్ట్ కార్నర్ అమ్మాయి, ఎదుటి వింగ్ ఇద్దరూ అక్కడ ఉండాలి. పట్టుకుంటే మీకు మళ్లీ 14 సెకన్లు వస్తాయి, అప్పటికి జోన్ చెదిరి ఉంటుంది. ఇంకా మేలైనది, జోన్ కుదురుకోకముందే కొట్టడం. మీరు డిఫెన్స్‌లో రీబౌండ్ పట్టిన వెంటనే ముగ్గురు పరుగు తీస్తే వాళ్ల ఐదుగురూ తమ తమ జాగాలకు చేరే లోపే పని అయిపోతుంది.

సాధనకు ఎక్కువ సామగ్రి అక్కర్లేదు. మీ జట్టులోనే ఐదుగురిని 2-3 వేయమనండి. పది నిమిషాలు డ్రిబుల్ నిషేధించి, బంతి పెయింట్‌ను తాకకుండా పడిన బుట్టకు పాయింటు ఇవ్వకండి. మొదటి రోజు గొడవ పెడతారు, అదే కావాలి. తర్వాత హై పోస్ట్, షార్ట్ కార్నర్, ఒక మూల, ఈ ముగ్గురినీ వాళ్ల వెనుక వరుస ముగ్గురి మీద వదిలి, బంతిని ఎప్పుడూ హై పోస్ట్ నుంచే మొదలుపెట్టించండి. వింగ్‌లో ఉండి చూసే పీడీ గారికి సెంటర్ ముందుకు వచ్చిందా లేదా అన్నది గట్టిగా పిలిచే పని అప్పగించవచ్చు. వాలీబాల్ బ్లాకర్లను గమనించిన కంటికి అది ఇట్టే పట్టుబడుతుంది.

చివరికి మీరు అడగనిది, కానీ మీకు తప్పనిది. హై పోస్ట్‌లో ఎవరు? మీ పొడుగు సెంటర్‌కు మెక్‌గ్యారీలా పాస్ ఇచ్చే చేతులు, చుట్టూ చూసే తీరిక ఉంటే ఆమెనే పెట్టండి. లేకపోతే ఎత్తు కాస్త తక్కువైనా జట్టులో అందరికంటే బాగా పాస్ ఇచ్చే ఫార్వర్డ్‌ను పెట్టి, సెంటర్‌ను షార్ట్ కార్నర్‌కు పంపండి. ఇన్నాళ్లూ రింగు కింద రాణిలా నిలబడిన అమ్మాయికి పక్కకు జరగమంటే చిన్నబుచ్చుకోవచ్చు. ఆమెతో అందరి ముందూ కాకుండా విడిగా మాట్లాడండి. రింగు కింద ముగ్గురి మధ్య చేతులెత్తి నిలబడినప్పుడు సెమీఫైనల్లో ఆమెకు ఎన్ని బంతులు అందాయో అడగండి. ఆ తర్వాత ఆమెను బేస్‌లైన్ మీద నిలబెట్టి, హై పోస్ట్ నుంచి మీరే వరుసగా పాస్‌లు ఇవ్వండి, ఒకే అడుగుతో లే-అప్ వేయమనండి.